నేల మీద పోత పోయించే ముందు ఇంటి కిందికి చూడండి

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డల్లాస్‌కు దక్షిణాన ఉంటున్నాం. రెండేళ్ల క్రితం, 1997లో తయారైన ఒక మ్యానుఫ్యాక్చర్డ్ హోమ్‌ను, అంటే కర్మాగారంలో కట్టి తెచ్చి నిలబెట్టే ఇంటిని, స్థలంతో సహా కొనుక్కున్నాం. అది రెండు భాగాలు కలిపి బిగించిన డబుల్ వైడ్. కొన్నప్పుడు నేల బాగానే అనిపించింది. గత వేసవి చివరి నుంచి దక్షిణం వైపు పడకగదిలో నేల బయటి గోడవైపు వాలిపోతోంది. మంచం కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టుకుని పడుకుంటున్నాం. ఆ గది తలుపు దానంతట అదే మూసుకుంటోంది. హాలు మధ్యలో ఇంటి పొడవునా నేల గట్టులా ఉబ్బినట్టుంది. స్నానాలగదిలో టబ్బు పక్కన అడుగు వేస్తే నేల మెత్తగా దిగుతోంది. మా అత్తగారు వాకర్ పట్టుకుని నడుస్తారు, ఆవిడ పడిపోతారేమోనని భయం. ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, పడకగదిలో ఒక చివర నుంచి మరో చివరకు ఒకటిన్నర అంగుళాల తేడా ఉందని, పైన సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ పోసి లామినేట్ పరిస్తే సరిపోతుందని అన్నాడు. మా వారేమో రెండు జాకీలు కొని మనమే ఎత్తుకోవచ్చు అంటున్నారు. ఏది సరైన పని? ఈ ఇంట్లో ఉండటం ప్రమాదమా?

సమాధానం: ముందుగా మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. కాంట్రాక్టరు చెప్పిన పోత పని ఇప్పుడు చేయించవద్దు, మీ వారు అంటున్న జాకీల పనికీ పూనుకోవద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇల్లు ఒక్కసారిగా కూలిపోయే ప్రమాదం కనిపించడం లేదు, కాని కింద చూడకుండా ఆ మాట ఖాయంగా అనడానికి ఎవరికీ వీలు లేదు. అందువల్ల ఈ వారంలోనే ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఇంటి కిందికి దిగి చూడటం అవసరం.

పోత ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా మీకు ఇంకొకరు కూడా ఇస్తారు. సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ అంటే పలచగా పోస్తే దానంతట అదే మట్టంగా పరుచుకుని గట్టిపడే సిమెంటు జాతి పదార్థం. అంగుళం మందాన పోస్తే చదరపు అడుగుకు సుమారు 10 నుంచి 12 పౌన్ల బరువు పడుతుంది. మీ పడకగది 12 అడుగులకు 14 అడుగులు అనుకుందాం. ఒక వైపు ఏమీ లేకుండా మొదలై మరో వైపు ఒకటిన్నర అంగుళాల మందం వచ్చేలా పోస్తే సగటున ముప్పావు అంగుళం. అంటే ఆ ఒక్క గదిలోనే 1,250 నుంచి 1,500 పౌన్ల బరువు శాశ్వతంగా కూర్చుంటుంది. ఈ ఇళ్ల నేలను చదరపు అడుగుకు 40 పౌన్ల వాడుక బరువు మోసేలా రూపొందిస్తారు కాబట్టి అంకెల్లో చూస్తే ఇది మోయలేని బరువు కాకపోవచ్చు. చిక్కు ఎక్కడంటే, పోత ఎక్కువ మందంగా పడేది నేల ఎక్కువగా దిగిన చోటే. ఇంటిని కింద నుంచి మోస్తూ ఇప్పటికే కుంగుతున్న ఇటుకల దిమ్మె మీదే కొత్త బరువంతా వెళ్లి పడుతుంది. పైగా ఈ ఇళ్ల నేల చెక్క దూలాల మీద పరిచిన పలకలతో చేసినది, నడిచినప్పుడు కొంచెం ఊగుతుంది. పోత ఊగదు, పగులుతుంది. ఇల్లు వచ్చే వేసవిలో ఇంకో అర అంగుళం కదిలితే ఆ పగుళ్లు లామినేట్ కింద కరకరలాడుతూ ఉంటాయి. ఇంకొన్నాళ్లకు ఎవరో ఇన్‌స్టాలరు, అంటే ఈ ఇళ్లను నిలబెట్టి మట్టం చేసే పనివాడు, వచ్చి ఇంటిని అసలు మట్టానికి ఎత్తితే, పోత పోసిన వైపు ఒకటిన్నర అంగుళాలు ఎత్తుగా నిలబడి, వాలు ఈసారి అటు నుంచి ఇటు అవుతుంది.

ఇక ఇల్లు దేని మీద నిలబడి ఉందో తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. మీ ఇంట్లో ప్రతి భాగం కిందా పొడవునా రెండు ఉక్కు ఐ-బీములు ఉంటాయి, కర్మాగారం నుంచి రోడ్డు మీద తెచ్చినప్పుడు ఇంటిని మోసినవి అవే. ఆ బీముల మీద అడ్డంగా చెక్క దూలాలు, వాటినే జాయిస్టులంటారు. వాటి మీద నేల పలకలు. బీముల కింద కొన్ని అడుగులకొకటి చొప్పున సిమెంటు ఇటుకలు పేర్చిన దిమ్మెలు, దిమ్మెల కింద వెడల్పాటి పునాది పలకలు, వాటి కింద మట్టి. రెండు భాగాలూ కలిసే చోటును మ్యారేజ్ లైన్ అంటారు; అక్కడ, ముఖ్యంగా పెద్ద ద్వారాలకు అటూ ఇటూ, వేరే దిమ్మెలు ఉంటాయి. అంటే మామూలు కాంక్రీటు పలక మీద కట్టిన ఇంటిలా దీని బరువు నేలంతా పరుచుకోదు, పదుల సంఖ్యలో ఉన్న చిన్న చిన్న చోట్ల మీద పడుతుంది. వాటిలో నాలుగైదు కుంగినా ఇంట్లో తెలిసిపోతుంది. ఇది ఈ ఇళ్ల బలహీనత అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో సౌలభ్యం కూడా ఇందులోనే ఉంది: కాంక్రీటు పలక కుంగితే దాన్ని పైకి తేవడం పెద్ద పని, ఇక్కడ దిమ్మెను సరిచేస్తే ఇల్లు తిరిగి మట్టానికి వస్తుంది.

ఇప్పుడు మీరు రాసిన లక్షణాలను విడదీసి చూద్దాం. పడకగది వాలు, దానంతట మూసుకునే తలుపు, హాలు మధ్య గట్టు, ఈ మూడూ బహుశా ఒకే కారణం నుంచి పుట్టినవి. టబ్బు పక్కన మెత్తదనం మాత్రం వేరే సంగతి. అది దిమ్మెలకు సంబంధించినది కాదు, నీటికి సంబంధించినది. ఈ రెండింటినీ ఒకే పనితో బాగుచేస్తానని ఎవరైనా అంటే వాళ్లు కింద చూడలేదని అర్థం.

హాలు మధ్య నేల ఉబ్బింది అన్నారు. మీరున్న ప్రాంతాన్ని బట్టి నాకు కలిగే అనుమానం ఏమిటంటే, మధ్య ఉబ్బలేదు, అంచులు దిగాయి. డల్లాస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే ఆ పట్టీని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. అక్కడి మట్టి మనకు బాగా తెలిసిన నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత బీటలు వేస్తుంది. ఇంటి నడిమి భాగం కింద ఎండా వానా నేరుగా తగలవు కాబట్టి అక్కడి మట్టిలో తేమ పెద్దగా మారదు. అంచుల దగ్గర మాత్రం ప్రతి వేసవిలో మట్టి ఎండి కుంచించుకుపోతుంది, దానితో పాటు బయటి వరస దిమ్మెలూ దిగుతాయి. మధ్య వరస ఉన్న చోటే ఉంటుంది. ఇంట్లో నిలబడి చూసేవారికి అది మధ్యలో గట్టులా కనిపిస్తుంది. మీకు మొదట తేడా తెలిసింది వేసవి చివర కావడం, ఎక్కువ ఎండ తగిలే దక్షిణం వైపు గది ఎక్కువగా వాలడం, ఈ అనుమానాన్ని బలపరుస్తున్నాయి. ఇది తేల్చుకోకుండా ఎవరైనా మధ్య దిమ్మెలను కొట్టి ఇంటిని కిందికి దించబోతే, అంతవరకూ బాగున్న ఒకే ఒక్క చోటును పాడుచేసినట్టవుతుంది.

అందుకే కొలవాలి. ఈ పని మీరే ఇంట్లో కూర్చుని చేయగలరు, ఖర్చు దాదాపు ఉండదు. రసమట్టం ఒక అడుగు మేర వాలును చెబుతుంది కాని ఇల్లంతా ఎలా ఉందో చెప్పలేదు. అటు చివర నుంచి ఇటు చివరకు చేరేంత పొడవున్న పారదర్శకమైన సన్నటి గొట్టం కొని, గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, రెండు చివరలూ తెరిచి పట్టుకుంటే రెండు చోట్లా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. తాపీమేస్త్రీలు వాడే పద్ధతే ఇది. ఇంటి మధ్యలో ఒక కుర్చీకి గొట్టం ఒక కొస కట్టి, ఎక్కడ నీరు నిలిచిందో అక్కడ గీత పెట్టండి. రెండో కొసను గది గదికీ తీసుకెళ్లి, గోడ వారగా, మూలల్లో, ద్వారాల దగ్గర నిలిపి, మొదటి కొసలో నీరు ఆ గీత దగ్గరే ఉండేలా చూసుకుంటూ, నేల నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. అంకె పెద్దదైన చోట నేల దిగినట్టు. తివాచీ ఉన్న గదికీ వినైల్ ఉన్న గదికీ మందంలో తేడా ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలో తీసేయాలి. ఇంటి పటం ఒకటి కాగితం మీద గీసి ఆ అంకెలన్నీ వాటి వాటి చోట్ల రాసి, పైన తేదీ వేయండి. ఈ తేదీ ఎంత ముఖ్యమో తర్వాత తెలుస్తుంది.

ఆ కాగితం చాలా సంగతులు చెబుతుంది. ఒక పక్క గోడ పొడవునా అంకెలు పెరిగితే ఆ వైపు దిమ్మెల వరసంతా దిగినట్టు. ఒక్క మూల మాత్రమే దిగితే ఒకటి రెండు దిమ్మెల దగ్గర నీరు చేరుతూ ఉండవచ్చు. గది నాలుగు అంచులూ సరిగా ఉండి నడుమ మాత్రం పళ్లెంలా దిగితే దిమ్మెల తప్పు లేదు, దూలాలో పలకలో పాడయ్యాయి. మ్యారేజ్ లైన్ దగ్గర కాలికి తగిలేలా మెట్టు ఉండి, ఒక వైపు అంకెలన్నీ మరో వైపు కంటే ఒకే తేడాతో ఉంటే రెండు భాగాలలో ఒకటి మొత్తంగా కిందికి జారినట్టు. అప్పుడు ఆ భాగాలను కలిపిన బోల్టులను కూడా పరీక్షించాలి.

తర్వాత ఇంటి కింద చూడటం. ఇంటి అడుగుకూ నేలకూ మధ్య ఖాళీని చుట్టూ మూసే పలకల వరసను స్కర్టింగ్ అంటారు; అందులో ఒక తలుపో, విప్పగలిగే పలకో ఉంటుంది. లోపలికి పూర్తిగా వెళ్లకుండా ఆ ద్వారం దగ్గర నుంచి బలమైన టార్చి వేసి చూసినా సగం విషయం తెలుస్తుంది. వెళ్లదలిస్తే ఒంటరిగా వెళ్లకండి. మాస్కు, గ్లవ్స్, నిండు చేతుల చొక్కా వేసుకోండి, పాములూ విషపు సాలీళ్లూ అక్కడ మామూలే. కింద నీళ్లు నిలిచి ఉంటే, విద్యుత్తు పూర్తిగా ఆపించే దాకా ఎవరూ దిగకూడదు. గ్యాస్ వాసన వస్తే లైటు కూడా వేయకుండా అందరూ బయటికి వచ్చి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయాలి.

దిమ్మెల దగ్గర ఏమి చూడాలో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పని చేసేవారు మీకు చూపించే ఫొటోలు అర్థం కావాలన్నా ఇది తెలియాలి. సిమెంటు ఇటుకలను వాటి బోలు రంధ్రాలు నిలువుగా, పైకీ కిందికీ తెరుచుకునేలా పేర్చాలి. పక్కకు తిప్పి పెట్టిన ఇటుక బరువుకు చితికిపోతుంది. పైన గట్టి కాంక్రీటు పలకో, గట్టి చెక్కో టోపీలా ఉండాలి. దానికీ ఉక్కు బీముకూ మధ్య మిగిలిన సందులో రెండు ఏటవాలు చెక్క ముక్కలను ఎదురెదురుగా దూర్చి బిగిస్తారు, వాటిని షిమ్‌లు అంటారు. అవి ఎప్పుడూ జంటగానే ఉండాలి, వాటి ఎత్తు అంగుళానికి మించకూడదు. మించిన సందు ఉంటే పలకలతో నింపాలి. వేలితో కదిలిస్తే షిమ్ కదిలితే ఆ దిమ్మె బరువు మోయడం లేదని గుర్తు. బీముకూ దిమ్మెకూ మధ్య చెయ్యి దూరితే, ఇటుక నిలువునా చీలితే, దిమ్మె ఒక పక్కకు ఒరిగితే, ఉక్కు బీము వంగినట్టు కనిపిస్తే, అప్పుడు వారం ఆగకుండా వెంటనే మనిషిని పిలవండి. 36 అంగుళాల కంటే ఎత్తైన దిమ్మెలను ఒంటి వరసలో కాకుండా ఇటుకలు అడ్డదిడ్డంగా పెనవేసి జంట వరసలో కట్టాలి, 67 అంగుళాలు దాటితే ఇంజినీరు రూపొందించాలి. ఈ కొలతలు హడ్, అంటే అమెరికా గృహనిర్మాణ శాఖ, 2007లో ప్రకటించిన నమూనా స్థాపన ప్రమాణాలలో ఉన్నవి. మీ ఇల్లు అంతకు ముందుది కాబట్టి అప్పట్లో దాన్ని నిలబెట్టినవారు వాటిని పాటించి ఉండరు, కాని ఇప్పుడు చేసే పనిని వాటితో పోల్చి చూడటంలో తప్పు లేదు. అవే ప్రమాణాల ప్రకారం పక్కపక్క దిమ్మెల మధ్య తేడా పావు అంగుళం మించకుండా, బయటి తలుపులూ కిటికీలూ పట్టేయకుండా తెరుచుకుంటూ ఉంటే ఇల్లు తగినంత మట్టంగా ఉన్నట్టు.

పైకి చూస్తే ఇంటి అడుగున నల్లటి గుడ్డలాంటి పొర బిగించి ఉంటుంది, లోపల ఇన్సులేషన్ ఉంటుంది. టబ్బు ఉన్న చోటు కింద ఆ పొర పొట్టలా వేలాడుతోందేమో చూడండి. వేలాడుతుంటే లోపల నీరు చేరిందన్నమాట. కింద పడుకుని దాన్ని కోయకండి, బకెట్ల కొద్దీ నీరూ తడిసిన ఇన్సులేషనూ ముఖం మీద పడతాయి. డబుల్ వైడ్‌లో ఒక భాగం నుంచి మరో భాగానికి చల్లగాలి, వేడిగాలి తీసుకెళ్లే లావుపాటి గొట్టం ఒకటి కింద ఉంటుంది. అది ఊడిపోయినా నేలకు ఆనుకుని తడిసినా వేసవిలో చల్లగాలి అంతా కిందికి పోయి, తేమ చెమ్మగా పేరుకుని పలకలను కుళ్లబెడుతుంది. బట్టలారబెట్టే యంత్రం గొట్టం స్కర్టింగ్ లోపలే వదిలేయడం కూడా నేను తరచుగా వినే తప్పు. అది కచ్చితంగా స్కర్టింగ్ దాటి బయటికి తెరుచుకోవాలి.

ఇక్కడ నీటి గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే దిమ్మెలను ఎంత బాగా సరిచేసినా నీటి దారి మార్చకపోతే రెండేళ్లలో ఇదే ఉత్తరం మళ్లీ రాయవలసి వస్తుంది. నల్లరేగడికి తేమ ఉండటం కంటే తేమ మారుతూ ఉండటమే ఎక్కువ చేటు. కప్పు మీద పడిన వాన నీరు ఎక్కడికి పోతోందో వాన కురుస్తుండగా గొడుగు వేసుకుని ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. గట్టర్లు లేకపోతే పెట్టించండి. ఉంటే వాటి గొట్టాల కొసలు స్కర్టింగ్ పక్కనే వదలకుండా దూరానికి పొడిగించండి. ఇంటి చుట్టూ మొదటి పది అడుగుల నేల అడుగుకు అర అంగుళం చొప్పున బయటికి వాలుగా ఉండాలి, అంటే పది అడుగులకు ఐదు అంగుళాలు. ఈ వాలు కోసం మట్టి పోసేటప్పుడు స్కర్టింగ్ మీదికి ఎగదోయకండి. ఏసీ నుంచి కారే నీరు, తోటకు పెట్టే గొట్టం, గోడ పక్కన పూలమొక్కల మళ్లు, ఇవన్నీ ఒక మూలను తడిపి మిగతాదాన్ని ఎండగట్టేవే. పెద్ద చెట్టు ఇంటికి దగ్గరగా ఉంటే వేసవిలో దాని వేళ్లు ఆ వైపు తేమను పీల్చేస్తాయి. దక్షిణం వైపు అలాంటి చెట్టు ఉందా లేదా మీరు రాయలేదు, ఉంటే ఇన్‌స్టాలరుకు చూపించండి. ఇంటి కింద మట్టి మీద ఆరు మిల్లుల (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం పాలిథీన్ షీటు పరిచి, అతుకుల దగ్గర ఒక అడుగు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేస్తే మట్టిలోని ఆవిరి పలకలకు చేరదు. స్కర్టింగ్‌కు గాలి కన్నాలు ఉండాలి. చలికాలంలో వాటిని గుడ్డలతో మూసి, ఆ తర్వాత తీయడం మరచిపోయినవారి ఇళ్లలో పలకలు ముందుగా పాడవుతాయి. మంచు గడ్డకట్టే ఉత్తరాది రాష్ట్రాల్లో ఉండే పాఠకులకు ఇంకొక మాట: అక్కడ పునాది పలకలు మంచు దిగే లోతు కంటే కింద లేకపోతే ప్రతి చలికాలంలో మట్టి వాటిని పైకి తోస్తుంది. మీకు ఆ బెడద లేదు.

జాకీల విషయానికి వస్తే, మీ వారి ఆలోచన పూర్తిగా నిరాధారం కాదు, ఇన్‌స్టాలర్లు చేసేదీ జాకీలతోనే. అయినా వద్దనే చెబుతాను. ఇంటి ఒక భాగం పదుల వేల పౌన్ల బరువుంటుంది. జాకీని ఉక్కు బీము కిందే, మధ్యలో ఉక్కు పలక వేసి పెట్టాలి. బీము నుంచి పక్కకు పొడుచుకొచ్చిన చేతుల కింద గాని, చెక్క అంచు కింద గాని పెడితే అవి వంగి విరుగుతాయి. జాకీ కిందా వెడల్పాటి చెక్కల పీట ఉండాలి, లేకపోతే నల్లరేగడిలో ఇల్లు లేవకపోగా జాకీయే దిగుతుంది. ఒక చోట ఎక్కువ ఎత్తకుండా, వరసలో ఒక్కో దిమ్మె దగ్గర కొద్దికొద్దిగా ఎత్తుతూ, ఎత్తిన మేర వెంటనే ఇటుకలతో నింపుతూ పోవాలి. జాకీ మీద మాత్రమే నిలిచి ఉన్న ఇంటి కింద మనిషి శరీరంలో ఏ భాగమూ ఉండకూడదు. ఇవన్నీ తెలిసినా ఇంకొన్ని పనులు మిగులుతాయి: గాలికి ఇల్లు కదలకుండా భూమిలోకి బిగించిన ఉక్కు పట్టీలను ఎత్తే ముందు వదులు చేసి తర్వాత మళ్లీ బిగించాలి, గ్యాస్ పైపు కలిసే చోటు లాగబడిందేమో పరీక్షించాలి, అడుగుకు పావు అంగుళం వాలుతో ఉండవలసిన మురుగు పైపులు ఇల్లు లేచాక వెనక్కు వాలాయేమో చూడాలి. పట్టీలు వదులు చేయకుండా ఎత్తిన ఇంటికి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కొలవడం, ఫొటోలు తీయడం, నీటి దారి మార్చడం మీ వారు చేయవచ్చు. ఎత్తడం లైసెన్సు ఉన్నవారికి వదలండి.

టెక్సస్‌లో ఈ ఇళ్ల వ్యవహారాలను రాష్ట్ర గృహనిర్మాణ, సామాజిక వ్యవహారాల శాఖలోని మ్యానుఫ్యాక్చర్డ్ హౌసింగ్ విభాగం చూస్తుంది. ఇన్‌స్టాలర్లకు లైసెన్సు ఇచ్చేదీ అదే. పేరు చెప్పిన ప్రతివారి లైసెన్సునూ అక్కడ సరిచూసుకోండి. మామూలు ఇళ్ల పునాదులు బాగుచేసే కంపెనీ ఎంత పెద్దదైనా ఈ పనికి సరిపోతుందని అనుకోవద్దు. వచ్చేవారికి చూపించడానికి ఇంటి కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. 1976 జూన్ 15 తర్వాత తయారైన ఇంటికి ప్రతి భాగం వెనుక చివర బయటి గోడ మీద చిన్న ఎర్రటి లోహపు బిళ్ల ఉంటుంది. ఇంటి లోపల, కరెంటు ప్యానెల్ దగ్గరో, వంటగది అల్మరాలోనో, పడకగది అల్మరాలోనో, తయారీదారు పేరూ సీరియల్ నంబరూ ఉన్న కాగితం అంటించి ఉంటుంది. వాటిని ఏ మరమ్మతులోనూ తీసేయనివ్వకండి, రేపు అమ్మేటప్పుడు గాని బ్యాంకు రుణానికి గాని అడుగుతారు. ఆ సీరియల్ నంబరుతో తయారీదారు నుంచి అసలు స్థాపన పుస్తకం దొరికితే, దిమ్మెలు ఎక్కడెక్కడ ఉండాలో అందులో పటం ఉంటుంది. లోపాల విషయంలో హడ్ వివాద పరిష్కార పద్ధతి ఇల్లు మొదట నిలబెట్టిన ఏడాదిలోపు ఫిర్యాదు చేసినవారికే వర్తిస్తుంది కాబట్టి మీకు ఆ దారి లేదు. బీమా సంగతి అంటే, మట్టి కుంగడాన్ని సాధారణంగా పాలసీలు మినహాయిస్తాయి. పైపు అకస్మాత్తుగా పగిలి జరిగిన నష్టానికి మాత్రం ఆస్కారం ఉండవచ్చు, టబ్బు దగ్గర తెరిచినప్పుడు ఫొటోలు తీయించండి.

ఆ టబ్బు పక్క చోటు విషయం. ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి నేల పలకలు పార్టికల్ బోర్డుతో చేసినవి. అది రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. ఒకసారి తడిస్తే ఉబ్బుతుంది, ఎండినా పాత గట్టిదనం రాదు, స్క్రూ పట్టదు. మెత్తగా ఉన్న చోట ఆరబెట్టి పైన మరో పలక వేయడం వృథా. ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి: టబ్బు అంచున సీలెంటు ఊడిందా, మురుగు పైపు అతుకు కారుతోందా, కమోడ్ కింది మైనపు రింగు చెడిందా. దీనికి ఇంటిని ఎత్తే దాకా ఆగనక్కరలేదు, ప్లంబరును ఈరోజే పిలవవచ్చు. తర్వాత పాడైన పలకను గట్టి చెక్క కనిపించే దాకా కోసి, దూలం మధ్య గీత వరకూ తీసి, అంచులకు ఆధారంగా కింద అడ్డ చెక్కలు బిగించి, అంతే మందం ఉన్న ప్లైవుడ్ ముక్కను జిగురూ స్క్రూలూ వేసి పరుస్తారు. ఈ ఇళ్లలో గోడలూ టబ్బూ నేల పలక మీదే నిలిపి ఉంటాయి కాబట్టి వాటి కిందికి తడి పాకి ఉంటే పని పెరుగుతుంది. అందుకే పలక తెరవకముందు ఖరారు ధర చెప్పేవారికంటే, తెరిచాక ఏ దూలానికి ఎంత అవుతుందో విడిగా రాసిచ్చేవారిని నమ్ముతాను. దూలం కూడా కుళ్లి ఉంటే ఇల్లెత్తే ఇన్‌స్టాలరుకు ఆ విషయం ముందే చెప్పండి. చివరగా, కోసిన అడుగు పొరను అతికించకుండా వదలనివ్వకండి, ఎలుకలకు అదే ద్వారం.

అత్తగారి విషయంలో ఈ లోపల చేయవలసినవి: డబుల్ వైడ్‌లలో తరచుగా రెండు స్నానాలగదులు ఉంటాయి, ఆవిడను రెండోదే వాడమనండి, మెత్తబడ్డ చోటికి అసలు పోనివ్వకండి. దాని మీద పట్టా గాని చిన్న తివాచీ గాని వేసి కప్పవద్దు, వాకర్ కాలు దిగబడేది అలా కనిపించని చోటే. ఆవిడ పడుకునే గది కొలతల కాగితం ప్రకారం అన్నిటికంటే మట్టంగా ఉన్నదైతే మంచిది. హాలులో గట్టు ఉన్న చోట వెలుతురు బాగా ఉండేలా చూడండి.

లామినేట్ వద్దనను, ఇప్పుడే వద్దంటున్నాను. లామినేట్‌కు కావలసింది నేల మట్టంగా ఉండటం కంటే ఎగుడు దిగుడు లేకుండా ఉండటం. ఎక్కువ కంపెనీలు పది అడుగులకు పదహారింట మూడు వంతుల అంగుళం కంటే మించిన హెచ్చుతగ్గు ఉండకూడదంటాయి. ఇల్లు సరిచేశాక పలకల అతుకుల దగ్గర మిగిలే చిన్న చిన్న పల్లాలకు పలచగా ప్యాచింగ్ కాంపౌండ్ వేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కాని ఇంటిని మట్టానికి తెచ్చిన కొన్ని వారాల దాకా చెక్కా గోడలూ సర్దుకుంటూనే ఉంటాయి. కొన్నాళ్లు తలుపులు కొత్తగా పట్టేయవచ్చు, గోడ అతుకుల పట్టీలు ఒకటి రెండు ఊడవచ్చు. అందుకు భయపడి ఇన్‌స్టాలరును తిట్టుకోకండి.

ఇన్‌స్టాలరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద ఉండాలని పట్టుబట్టండి: పనికి ముందూ తర్వాతా ప్రతి దిమ్మె దగ్గరా తీసిన మట్టం కొలతలు, మార్చిన దిమ్మెల ఫొటోలు, ఉక్కు పట్టీలు తిరిగి బిగించినట్టు రాత. పని పూర్తయిన రోజున మీరు నీటి గొట్టంతో మళ్లీ అవే చోట్ల కొలిచి, పాత కాగితం పక్కన తేదీ వేసి పెట్టుకోండి. వచ్చే వేసవి చివర ఒకసారి, దాని తర్వాత వానలు బాగా పడ్డాక ఒకసారి కొలవండి. అంకెలు పావు అంగుళం లోపే తిరుగుతుంటే లామినేట్ వేయించుకోండి. ఒక మూల మాత్రం మళ్లీ దిగుతుంటే ఆ మూలకు నీరు ఎక్కడి నుంచి వస్తోందో, లేదా అక్కడి తేమను ఏది లాగేస్తోందో తేలే వరకు మళ్లీ జాకీ పెట్టించకండి.